చెరువు కాదర్రా, పునాది

గుంటూరు,
కార్తీక మాసం.

చిన్నోడికి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అరిచారు: "తాతయ్యా! పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడతామని బోర్డు పెట్టి చెరువు తవ్వుతున్నారు!" నవ్వానే గానీ జవాబు చెప్పలేకపోయాను. అప్పుడే కొత్తపేటలో దవడ పన్నుకి సిమెంటు పెట్టించుకుని వచ్చాను, సగం మూతి మొద్దుబారి ఉంది. తీరా ఆలోచిస్తే, మీ ప్రశ్నకి జవాబు ఆ డాక్టరు కుర్చీలోనే ఉంది.

పుచ్చు పన్నుకి డాక్టరు వస్తూనే సిమెంటు పెట్టడు. ముందు ఎక్స్‌రే తీస్తాడు. తర్వాత పుచ్చినదంతా తొలిచి, గట్టి పన్ను తగిలాకే ఆగుతాడు. మీ పక్క స్థలంలోనూ అంతే. మొదట అక్కడక్కడా సన్నటి బోర్లు వేసి, ఏ లోతున ఏ మట్టి ఉందో పరీక్ష చేయిస్తారు. అదే ఎక్స్‌రే. అది చూసి ఇంజినీరు పునాది లోతు చెబుతాడు, ముగ్గుతో గీతలు పోస్తారు, అప్పుడు మట్టిపని కాంట్రాక్టరు ప్రొక్లెయినూ టిప్పర్లూ వేసుకుని దిగుతాడు.

పుచ్చు ఎక్కడుందంటారా? మా గుంటూరు నల్లరేగడి చూడండి. పత్తికీ మిరపకీ బంగారమే. ఇంటికి మాత్రం ఒట్టి చిరాకు మనిషి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద గోడ లేపితే ఏటా కాస్త లేస్తుంది, కాస్త కుంగుతుంది, చివరికి పగులుతుంది. అందుకని ఉబ్బే మట్టిని దాటి కిందికి పోతారు. కాదంటే దాన్ని తీసేసి గ్రావెల్ నింపి దిమ్మిస కొడతారు.

డాక్టరు నా నోట్లో ఒక గొట్టం పెట్టి ఊరిన ఉమ్ము లాగేస్తూనే ఉన్నాడు. మీ గోతిలో రాత్రంతా మోటారు చప్పుడు వస్తోందన్నారే, అది ఆ గొట్టమే. మీ విజయవాడ కృష్ణ ఒడ్డునున్న ఊరు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. తవ్వితే నీళ్ళు ఊరక ఏం చేస్తాయి? ఆ నీరు తోడకపోతే అడుగు మెత్తబడుతుంది. అందుకే ఆఖరి ఆరంగుళాల మట్టి అలాగే ఉంచి, కాంక్రీటు పోసే ముందు మాత్రమే పారలతో చెక్కుతారు. పొరపాటున ఎక్కువ లోతు తవ్వితే మళ్ళీ మట్టి పోసి కప్పెయ్యడం కుదరదు, కాంట్రాక్టరు సొంత ఖర్చుతో కాంక్రీటు పోయాలి.

పక్క పళ్ళు కదలకూడదు కదా, అలాగే మీ ప్రహరీ కూడా కదలకూడదు. గోతి అంచుల్ని వాలుగా చెక్కుతారు, వీలుకాని చోట పలకలు అడ్డం పెట్టి ఊతాలు బిగిస్తారు. ఇక నరం. డాక్టరుకి నరం తగిలితే నేనొక్కణ్ణే కుర్చీలోంచి లేస్తాను. ప్రొక్లెయిన్ పళ్ళకి కరెంటు కేబులో మంచినీళ్ళ పైపో తగిలితే వీధి వీధంతా లేస్తుంది.

ఇంతదాకా వచ్చాక నా పోలిక కుంటుతోంది. డాక్టరు తొలిచిన పుచ్చుని ఎవరూ టిప్పర్లో తోలరు. ఇక్కడ తోలాలి. పైగా పది టిప్పర్ల గొయ్యి తవ్వితే పన్నెండో పదమూడో టిప్పర్ల మట్టి వస్తుంది! నేలలో అణిగి పడుకున్న మట్టి బయటికి రాగానే గుల్లవుతుంది. అందుకే డబ్బులు గుట్టను చూసి ఇవ్వరు, గోతిని కొలిచి ఇస్తారు.

ఆ కొలత అంటే నాకో సంగతి గుర్తొస్తుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నరసరావుపేట వైపు మా ఊరి దగ్గర సాగర్ కుడికాలువ పని జరుగుతోంది. 1955లో నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేస్తే, కాలువల్లోకి నీళ్ళు వదిలింది 1967లో. మధ్యలో ఎందరు పలుగూ పారా పట్టారో! తవ్వేవాళ్ళు గోతి మధ్యలో ఒక దిమ్మని ముట్టుకోకుండా వదిలేవాళ్ళు. దాని ఎత్తే గోతి లోతు, దాన్ని కొలిచి కూలి కట్టేవారు. నాకు రోజూ జొన్నన్నం ముద్ద పెట్టే ఒకాయన, ఓ రాత్రి దిమ్మ మీద జానెడు మట్టి పేర్చి పైన గడ్డి అతికించాడు. పొద్దుటికి గడ్డి వాడిపోయింది. అది కనిపెట్టి కొలత మేస్త్రీకి చెప్పింది నేనే. ఆయన కూలి కోసేశారు. తప్పు ఆయనదే, నేను చెప్పిందీ నిజమే. కానీ మెచ్చుకుంటారన్న ఆశతో చెప్పాను. నిజం చెప్పేటప్పుడు ఆ ఆశ కాస్త పక్కన పెట్టాలర్రా. మర్నాడు ముద్ద పెట్టలేదు. నేను కూర్చున్నాను, ఆయన నా వైపు చూడలేదు.

సరే, మీరు గోతి దగ్గరికి వెళ్ళకండి, డాబా మీంచే చూడండి. తీసిన మట్టిని అంచున కుప్ప పోస్తున్నారా, దూరంగా పోస్తున్నారా గమనించండి. అంచుకి కనీసం మీటరున్నర దూరం ఉండాలి. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది, అంచున పోస్తే గోడ జారి కిందివాళ్ళ మీద పడుతుంది. గోతిలో మట్టి రంగు ఎక్కడ మారిందో కూడా చూడండి. నాలుగు రోజులే కనిపిస్తుంది. కాంక్రీటు పడ్డాక ఆ ఇంటివాళ్ళు కూడా దాన్ని చూడలేరు.

ఆదివారం ఇంకో పని చెయ్యండి. పెరట్లో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంట తవ్వి, ఆ మట్టినే మళ్ళీ అందులో పొయ్యండి. స్థలం కొనేముందు మన పాతకాలం వాళ్ళు చేసిన పరీక్ష ఇదే. మట్టి మిగిలితే మంచి నేల, సరిపోతే మధ్యస్తం, చాలకపోతే వద్దనేవారు. ఎందుకలా అన్నారో, టిప్పర్ల లెక్క గుర్తు తెచ్చుకుని మీరే చెప్పండి. మిగిలిందో తగ్గిందో ఫోన్ చెయ్యండి. మందారం మొక్క దగ్గర మాత్రం తవ్వకండి, మీ అమ్మ నన్ను తిడుతుంది.

మీ తాతయ్య