అణాల్లోనే లెక్కించే రోగనిరోధకత

డెబ్భై దాటినవారు ఫ్లూ టీకాను ఏటా వేయించుకోవాలా, ఒక్కసారి వేయించుకుంటే చాలదా అని ఒక పాఠకుడు అడిగారు. వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది కనుక టీకాను కూడా మార్చక తప్పదని అందరూ చెబుతారు. అది నిజమే గాని సగం సమాధానమే. మిగిలిన సగం ఆ వ్యక్తి పుట్టిన సంవత్సరంలో ఉంది.

మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అప్పటికే లెక్కలు నేర్చినవారు ఆ తరవాత కూడా ప్రతి ధరనూ మనసులో అణాల్లోకి మార్చుకునేవారు. నాలుగణాలకు 25 పైసలు సరిగ్గా సరిపోయేవి. మూడణాల లెక్క మాత్రం 18.75 దగ్గర ఆగేది, దాన్ని 19గా సర్దుకోవలసి వచ్చేది. చిన్ననాట మొదటిసారి ఫ్లూ సోకినప్పుడు మన రోగనిరోధక వ్యవస్థ కూడా ఒక లెక్క నేర్చుకుంటుంది. ఆ తరవాత ఏ ఫ్లూ వైరస్ ఎదురైనా ముందు ఆ పాత లెక్కలోనే కొలుస్తుంది. దీన్ని 1960లో అమెరికా శాస్త్రవేత్త థామస్ ఫ్రాన్సిస్ వివరించారు.

ఆ కొలత వైరస్ మీద ముళ్ళలా నిలిచే హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ దగ్గర జరుగుతుంది. దాని తల భాగం తరచు మారుతుంది, కాడ భాగం అంతగా మారదు. వైరస్ పేర్లలో హెచ్ అంటే ఈ ప్రోటీనే, ఎన్ అంటే దాని మీదే ఉండే మరో ప్రోటీన్. ఈ హెచ్ పోలికలను బట్టి ఎ రకం ఫ్లూ వైరస్‌లను రెండు వర్గాలు చేస్తారు: హెచ్1, హెచ్2, పక్షుల హెచ్5 ఒకటి, హెచ్3, హెచ్7 మరొకటి. 1918 నుంచి మనుషుల్లో తిరిగిన హెచ్1ఎన్1ను, నయా పైసలు వచ్చిన ఏడాదే, హెచ్2ఎన్2 పక్కకు నెట్టింది; 1968లో హెచ్3ఎన్2 దాని చోటు ఆక్రమించింది. కాబట్టి 1968కి ముందు పుట్టినవారిలో అత్యధికులు నేర్చుకున్నది మొదటి వర్గం లెక్కే. 2009లో కొత్త హెచ్1ఎన్1 వచ్చినప్పుడు అది వృద్ధులకు యువకులకన్నా తక్కువగా సోకింది. అది నాలుగణాల లెక్క. హెచ్3ఎన్2 విజృంభించిన ఏడాది మాత్రం మూడణాల లెక్కే: జ్ఞాపక కణాలు ముందుగా దూకి, అరకొరగా అతికే యాంటీబాడీలను తయారుచేస్తాయి, ఆసుపత్రుల్లో పెద్దవారి సంఖ్య పెరుగుతుంది. తీవ్రమైన హెచ్5ఎన్1 కేసుల్లో 1968 తరవాత పుట్టినవారు, హెచ్7ఎన్9 కేసుల్లో అంతకు ముందు పుట్టినవారు ఎక్కువగా ఉన్నారని 2016లో ఒక అధ్యయనం చూపింది.

ఆ వయసులో కొత్త లెక్క నేర్పడం కష్టం. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలనే తెల్ల రక్తకణాలకు శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి యౌవనం నుంచే కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. అందుకే పాఠం గట్టిగా చెప్పాలి: మామూలు టీకాలో ఒక్కో రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటే, పెద్దవారికని తయారుచేసిన అధిక మోతాదు టీకాలో 60 ఉంటుంది. 65 దాటిన సుమారు 32 వేల మందిపై 2011-13 మధ్య అమెరికా, కెనడాల్లో జరిగిన పరీక్షలో, ఇది వేయించుకున్నవారికి మామూలు టీకా వేయించుకున్నవారికన్నా ఫ్లూ 24 శాతం తక్కువగా వచ్చింది.

వానలో తడిస్తేనో పెరుగు తింటేనో జలుబు చేస్తుందని మన ఇళ్ళలో ఇంకా గట్టిగా నమ్ముతారు. ఫ్లూ మన దగ్గర వానకాలంలో పెరగడం నిజమే గాని, తెచ్చేది వైరస్, వాన కాదు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కనుక వానలకు ముందే వేయించుకోవడం మేలు. మామూలు జలుబుకు కారణమైన రైనోవైరస్‌లు 160 రకాలకు పైగా ఉన్నాయి, వాటికి టీకా లేదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, గదిలో గాలి ఆడనివ్వడం, దగ్గేవారికి దూరంగా ఉండడమే మార్గం.

ముక్కు కారుతున్న మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించే తాతగారికి ఆ దూరం పాటించమని చెప్పడం దండగ. మనవడికి టీకా వేయించడమే తేలిక. జపాన్ 1962లో బడిపిల్లలకు ఫ్లూ టీకా ప్రారంభించి, 1994లో ఆపేసింది. చలికాలపు అదనపు మరణాలు టీకాల కాలంలో తగ్గి, ఆపాక మళ్ళీ పెరిగాయని 2001లో ప్రచురితమైన విశ్లేషణ తేల్చింది. 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక మరణం తప్పినట్టు అంచనా కట్టింది. జపాన్ అదే ఏడాది చట్టం సవరించి, 65 దాటినవారికే నేరుగా టీకా వేయడం మొదలుపెట్టింది.