సున్నా నుంచి ఒకటికి: బడి దాటిన పిల్లల లెక్క వెనుక కథ

1990ల మొదట్లో వేల్స్‌లోని సౌత్ గ్లామోర్గన్ ప్రాంతంలో కెరీర్స్ సర్వీసు (బడి వదిలే పిల్లలకు చదువు, ఉద్యోగాల గురించి సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ) వాళ్ల రికార్డులు చూస్తే, బడి వదిలిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి పేరు పక్కన ఒక అంకె కనిపించేది. పై చదువులో ఉంటే 1. ఏదైనా శిక్షణలో చేరితే 2. ఉద్యోగం దొరికితే 3. ఈ మూడూ కాకపోతే 0.

ఆ సున్నాలను లెక్కపెట్టాలని అంతవరకు ఎవరికీ తోచలేదు. డేవిడ్ ఇస్టన్స్, గారెత్ రీస్, హోవర్డ్ విలియమ్సన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ పని చేసి 1994లో నివేదిక ఇచ్చారు. 16, 17 ఏళ్ల పిల్లల్లో ఎప్పుడు చూసినా 16 నుంచి 23 శాతం మంది చదువులోనూ లేరు, శిక్షణలోనూ లేరు, పనిలోనూ లేరు. కార్డిఫ్ లాంటి పెద్ద నగరం ఉన్న ప్రాంతంలో, సుమారుగా ప్రతి ఐదుగురిలో ఒకరన్నమాట. ప్రభుత్వ నిరుద్యోగ లెక్కల్లో మాత్రం వీళ్ల జాడే లేదు. 'స్టేటస్ జీరో' అన్న మాట ఆ రిజిస్టర్ నుంచే పుట్టింది. తర్వాత దాని స్థానంలో వచ్చిన 'నీట్' అనే పొట్టి పేరు (చదువు, ఉద్యోగం, శిక్షణ ఏదీ లేనివాళ్లు అని దాని అర్థం) ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

అంతమంది పిల్లలు ఒక దేశం కళ్లముందే ఉండి లెక్కలోకి రాకుండా ఎలా పోయారు? దీనికి జవాబు కావాలంటే ఇంకో ఎనభై, తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. బడి అయ్యాక పిల్లలు ఏమయ్యారో రాసిపెట్టే అలవాటు మొదట ఎందుకు వచ్చిందో తెలిస్తేనే, అది ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది.

కార్డు ఎందుకు పుట్టింది

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో ఎక్కువమంది పిల్లలు 12 నుంచి 14 ఏళ్ల మధ్య బడి వదిలేసేవారు. వాళ్లకు పని దొరకడం కష్టం కాదు. సామాన్లు మోయడం, కబుర్లు చేరవేయడం, బండి వెంట తిరగడం లాంటి పనులు బోలెడు. కానీ ఆ పనుల్లో నేర్చుకునేది ఏమీ ఉండదు. 17, 18 ఏళ్లు వచ్చి పెద్దవాళ్ల కూలి అడిగే సమయానికి యజమాని ఆ కుర్రాణ్ని తీసేసి, బడి నుంచి అప్పుడే బయటికొచ్చిన ఇంకో పిల్లవాణ్ని పెట్టుకుంటాడు. చేతిలో వృత్తి లేకుండా ఆ కుర్రాడు రోడ్డున పడతాడు. 1905 నుంచి 1909 వరకు పనిచేసిన పేదల చట్టాల రాయల్ కమిషన్ కూడా ఈ బాల శ్రమ సమస్యను గట్టిగా పట్టించుకుంది.

దీనికి ఒక మార్గం చూపిన మనిషి విద్యాశాఖ అధికారి కాదు, రాజకీయ నాయకురాలూ కాదు. ఆల్ప్స్‌లోని డోలమైట్ పర్వతాల రాళ్ల మీద పరిశోధన చేసిన స్కాట్లండ్ భూగర్భ శాస్త్రవేత్త మరియా ఓగిల్వీ గోర్డన్. 1893లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్న తొలి మహిళ ఆమె. బడి వదిలే పిల్లలకు ఏ పనులున్నాయో చెప్పి, వాళ్లను సరైన చోటికి పంపే సమాచార కేంద్రాలు విద్యా వ్యవస్థలోనే ఉండాలని 1904 నుంచి ఆమె ప్రచారం చేశారు. 1908 నాటి స్కాట్లండ్ విద్యా చట్టం అలాంటి కేంద్రాలు నడిపే అధికారాన్ని స్కూల్ బోర్డులకు ఇచ్చింది. 1910 ఫిబ్రవరిలో బ్రిటన్ అంతటా లేబర్ ఎక్స్‌ఛేంజీలు (పని కావలసినవాళ్లను, పని ఇచ్చేవాళ్లను కలిపే ప్రభుత్వ కార్యాలయాలు) తెరుచుకున్నాయి. అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లో బడులను నడిపే స్థానిక విద్యా అధికార సంస్థలకు కూడా 17 ఏళ్లలోపు వాళ్లకు ఉద్యోగం ఎంచుకోవడంలో సలహా ఇచ్చే అధికారం దక్కింది.

ఆ ఏర్పాట్లకు ప్రాణం ఒక చిన్న కార్డు. పిల్లవాడి పేరు, చదివిన తరగతి, ఆరోగ్యం, టీచర్ అభిప్రాయం, ఎలాంటి పని అంటే ఇష్టం – ఇవన్నీ దాని మీద ఉండేవి. అతను పనిలో చేరాక కూడా కార్డు మూతపడేది కాదు. బర్మింగ్‌హామ్ లాంటి నగరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, పని ఎలా ఉంది, సాయంత్రం క్లాసులకు వెళ్తున్నావా, మానేశావా అని కనుక్కునేవారు. ఆ సేవకు వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆఫ్టర్ కేర్'. ఈ కథలో నాకు ఎక్కువ నచ్చిన మాట అదే. లెక్క అనలేదు, నిఘా అనలేదు, బడి తర్వాతి ఆలనాపాలనా అన్నారు. ఎవరో ఒకరు తలుపు తట్టాలి కాబట్టి కార్డు రాశారు. ఆ వరస గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి వందేళ్లలో అది తిరగబడింది.

ఉద్యోగాలున్న రోజులు, లేని రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948 చట్టంతో యూత్ ఎంప్లాయ్‌మెంట్ సర్వీసు వచ్చింది. 1973 చట్టం ప్రతి స్థానిక విద్యా అధికార సంస్థా కెరీర్స్ సర్వీసు నడపడం తప్పనిసరి చేసింది. ఈ మధ్యకాలంలో పిల్లలు తప్పనిసరిగా బడిలో ఉండాల్సిన వయసు 1947లో 15కి, 1972లో 16కి పెరిగింది. యుద్ధానంతర దశాబ్దాల్లో ఉద్యోగాలు దండిగా ఉండడంతో పిల్లలు ఎక్కడికెళ్లారన్నది పెద్ద ప్రశ్న కాలేదు. శుక్రవారం బడి వదిలి సోమవారం ఫ్యాక్టరీకి వెళ్లిన తరం అది.

1970ల చివరికొచ్చేసరికి పరిస్థితి తల్లకిందులైంది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ప్రభుత్వం 1978లో ఒక పథకం, 1983లో దాని స్థానంలో యూత్ ట్రైనింగ్ స్కీమ్ తెచ్చింది. 1988 సెప్టెంబరులో జరిగిన మార్పు వీటన్నిటికంటే పెద్దది. 18 నిండని ప్రతి ఒక్కరికీ శిక్షణలో చోటు గ్యారంటీ అన్నారు. చోటు ఉంది కాబట్టి ఖాళీగా ఉండాల్సిన పనిలేదని, 16, 17 ఏళ్ల వాళ్లలో చాలామందికి నిరుద్యోగ సాయం ఆపేశారు.

బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్యను అప్పట్లో సాయం తీసుకునేవాళ్ల సంఖ్యతో చెప్పేవారు. సాయానికి అర్హతే లేకపోతే దరఖాస్తు ఉండదు, దరఖాస్తు లేకపోతే లెక్కలో పేరుండదు. ఒక్క నిబంధనతో ఆ వయసు నిరుద్యోగులు కాగితం మీంచి మాయమయ్యారు. వీధిలో మాత్రం ఉన్నారు, ఇంట్లో సోఫా మీద ఉన్నారు, స్నేహితుడి గదిలో నేల మీద పడుకుని ఉన్నారు. వాళ్ల ఆనవాలు మిగిలింది ఒక్కచోటే: కెరీర్స్ సర్వీసు రిజిస్టర్‌లో సున్నాగా.

సర్వేలతో పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. 1985 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో యూత్ కోహార్ట్ స్టడీ పేరుతో 16 దాటిన వాళ్లకు పోస్టులో ప్రశ్నపత్రాలు పంపారు. ఎంతో విలువైన సమాచారం వచ్చింది. కానీ తిరుగు టపాలో జవాబు రాసేది ఎవరు? స్థిరమైన చిరునామా ఉన్నవాళ్లు, బడి గురించి చెప్పుకోవడానికి ఎంతో కొంత మంచి ఉన్నవాళ్లు. ఇల్లు విడిచి వెళ్లిపోయిన కుర్రాడు ఫారం నింపి పోస్టు డబ్బాలో వేస్తాడని ఆశించలేం.

జపాన్ దారి వేరు. అక్కడ 1948 నుంచి ఏటా జరిగే స్కూల్ బేసిక్ సర్వేలో, చదువు ముగించిన విద్యార్థులు ఎక్కడికి వెళ్లారో బడులే నివేదిస్తాయి. చట్టం ప్రకారం బడులే ఉద్యోగాలు చూపే బాధ్యత కూడా తీసుకోవచ్చు కాబట్టి, ఎవరు ఏ కంపెనీలో చేరుతున్నారో టీచర్‌కు ముందే తెలుస్తుంది. పంపించినవాళ్లే రాస్తే లెక్క ఎంత సులువో అది చూపిస్తుంది. అయితే చేరిన కొద్దికాలానికే ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి ఆ పట్టికలో కనపడదు.

తెలియదు అనే గడి

1999 జులైలో సమాజంలో వెనక పడిపోయినవాళ్ల సమస్యలు చూసే బ్రిటన్ ప్రభుత్వపు సోషల్ ఎక్స్‌క్లూజన్ యూనిట్ ఇచ్చిన నివేదికతో విషయం జాతీయ చర్చ అయింది. 16 నుంచి 18 ఏళ్ల మధ్య 1,61,000 మంది, అంటే ఆ వయసువాళ్లలో 9 శాతం, ఏ దారిలోనూ లేరని అది చెప్పింది. ఫలితంగా 2001లో ఇంగ్లండ్‌లో కనెక్షన్స్ అనే సేవ మొదలై రెండేళ్లలో దేశమంతా విస్తరించింది. 13 నుంచి 19 ఏళ్ల వాళ్లకు వ్యక్తిగత సలహాదారులు, ప్రతి ప్రాంతానికీ ఒక కంప్యూటర్ డేటాబేస్. పాత కార్డు ఇలా స్క్రీన్ మీదికి వచ్చింది.

ఈ పని దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందంటే: శరదృతువు, సాయంత్రం ఆరు దాటింది. జాబితా పట్టుకున్న ఉద్యోగి ఒక నంబరుకు ఫోన్ చేస్తుంది. నంబరు పనిచేయడం లేదు. రెండో నంబరు తల్లిది. కాలేజీకి వెళ్తున్నాడు అంటుందామె. కాలేజీ ప్రవేశాల జాబితాలో పేరుంది, కానీ మూడో వారం నుంచి హాజరు లేదు. ఆ సంగతి తల్లికి తెలియదు. మళ్లీ ఫోన్ చేసి చెప్పాలా, నేరుగా అబ్బాయితోనే మాట్లాడాలా? ఆఖరికి ఎవరో ఇంటికి వెళ్లి తలుపు తడతారు. ఇంత చేస్తే మారేది తెర మీద ఒక్క కోడ్. కానీ ఆ తట్టిన తలుపు దగ్గరే అసలు మాట మొదలవుతుంది.

ఆ తలుపు తెరుచుకోకపోతే ఏం రాయాలి? 'తెలియదు' అని రాస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరు నెలల క్రితం ఉద్యోగంలో ఉన్నవాడు ఇప్పుడూ ఉన్నాడనుకోలేం. అందుకని ప్రతి నమోదుకీ ఒక గడువు పెట్టారు. ఆలోపు మళ్లీ కనుక్కోకపోతే సమాచారం పాతబడి, ఆ పేరు కూడా 'తెలియదు' గడిలోకి జారుతుంది. సిబ్బంది తగ్గితే ఏ పనీ లేనివాళ్ల సంఖ్య పెరగాల్సిన అవసరం లేదు, తెలియనివాళ్ల సంఖ్య పెరుగుతుంది. పైనుంచి చూసేవాళ్లకు నీట్ శాతం తక్కువగా, ముచ్చటగా కనిపిస్తుంది. ఈ మోసాన్ని అడ్డుకోవడానికి ఇంగ్లండ్ విద్యాశాఖ తర్వాత ఈ రెండు గడులనూ కలిపి ఒకే అంకెగా ప్రకటించడం మొదలుపెట్టింది. ఆలస్యంగా చేసినా సరైన పని.

ఈ ఆరా తీయడం నచ్చనివాళ్లూ ఉన్నారు. వాళ్ల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. పదహారేళ్ల మనిషి వివరాలు బడి నుంచి సలహా కేంద్రానికి, అక్కడి నుంచి ఇంకో కార్యాలయానికి వెళ్తుంటే, ఆపమనే హక్కు ఎవరిది? కనెక్షన్స్‌కు ఆధారమైన 2000 నాటి చట్టం పేరు, చిరునామా లాంటి ప్రాథమిక వివరాలు తప్పనిసరి చేసి, మిగతావి ఇవ్వొద్దనే వీలు కుటుంబానికి వదిలింది. నాకు న్యాయంగా తోచే గీత ఒకటే: సాయం చేసేవాళ్ల చేతికి వెళ్లని వివరం అసలు అడగకూడదు.

మనిషి నుంచి మార్కులకు

2008 చట్టం ఇంగ్లండ్‌లో యువత చదువులోనో శిక్షణలోనో కొనసాగాల్సిన వయసును 2013లో 17కి, 2015లో 18కి పెంచింది. ఎవరు కొనసాగడం లేదో గుర్తించే బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. అయితే చట్టం అమల్లోకి వచ్చేనాటికి ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. 2011లో ఇంగ్లండ్‌లో 16 నుంచి 24 ఏళ్ల నీట్ యువత 10 లక్షలు దాటింది. సరిగ్గా అదే సమయంలో ఖర్చుల కోతలో కనెక్షన్స్ విచ్ఛిన్నమైంది. 2012 సెప్టెంబరు నుంచి కెరీర్ సలహా బాధ్యత బడులకు మారింది. గుర్తించే పని కౌన్సిల్‌ది, సలహా పని బడిది. బడి వదిలేసిన పిల్లవాడు ఈ రెంటి మధ్య ఎవరి మనిషి?

ఆ ఏడాదే, 2012 జులైలో, డెస్టినేషన్ మెజర్స్ (బడి వదిలిన పిల్లలు ఎక్కడికి చేరారో చెప్పే ప్రభుత్వ గణాంకాలు) మొదటిసారి విడుదలయ్యాయి. ఇక్కడ ఫోన్ లేదు, తలుపు లేదు. బడి, కాలేజీ, యూనివర్సిటీ రికార్డులను కంప్యూటర్ ఒకదానితో ఒకటి జత చేస్తుంది. తర్వాత పన్ను శాఖ సమాచారం కూడా కలిసింది. అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకచోట నిలకడగా ఉంటేనే లెక్క. చాలా పకడ్బందీ పద్ధతి, ఒప్పుకోవాలి. తల్లి చెప్పిన మాట మీద ఆధారపడే అవసరం లేకుండా పోయింది. కానీ ఈ అంకెలు ప్రధానంగా చెప్పేది బడి ఎంత బాగా పనిచేసిందని. అవి బయటికొచ్చేసరికి ఆ పిల్లలు బడి వదిలి రెండేళ్లకు పైనే అవుతుంది. పదహారేళ్లప్పుడు దారి తప్పినవాడికి పద్దెనిమిదో ఏట వచ్చే పట్టిక దేనికి పనికొస్తుంది? 2016 సెప్టెంబరు నుంచి కౌన్సిళ్లు 18 ఏళ్లవాళ్ల వివరాలు సేకరించి పంపాల్సిన అవసరం కూడా లేకుండా చేశారు.

స్కాట్లండ్ ఇంకోలా ఆలోచించింది. కెరీర్ సేవ ఒక జాతీయ సంస్థ చేతిలోనే ఉంచి, 2013 చట్టంతో బడులు, కాలేజీలు సమాచారం ఆ సంస్థకు పంచుకునేలా చేసింది. ఎవరైనా కోర్సు మానేస్తే సలహాదారుకు తెలిసే ఏర్పాటు అది. యంత్రం జత చేసిన వివరం మనిషి చేతికి వెళ్తుంది.

ఇక వేల్స్. సున్నాలను లెక్కపెట్టిన చోటే, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో ప్రభుత్వం కొత్త పద్ధతి తెచ్చింది. బడి వదిలిన యువతను ఐదు అంచెలుగా విడదీశారు. చదువులోనో శిక్షణలోనో ఉద్యోగంలోనో ఉన్నవాళ్లు ఐదో అంచె. మానేసే ప్రమాదం ఉన్నవాళ్లు నాలుగు. పని వెతుక్కుంటున్నవాళ్లు మూడు. అనారోగ్యం వల్లనో ఇంటి బాధ్యతల వల్లనో వెతుక్కోలేని స్థితిలో ఉన్నవాళ్లు రెండు. ఎక్కువ సాయం కావలసినవాళ్ల వెంట ఉండడానికి ఒక లీడ్ వర్కర్‌ను పెట్టాలన్నారు.

మొదటి అంచె ఎవరికోసమంటే, ఎక్కడున్నారో తెలియనివాళ్ల కోసం.