గండిపేటకు గండి కొట్టిన మాట

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల చుట్టూ కట్టడాలకు ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111, మళ్లీ పేపరెక్కింది. కోకాపేటలో ఎకరం వేలం కొత్త రికార్డు కొట్టినా, జంట జలాశయాల గేట్లు ఎత్తినా, మంత్రివర్గంలో మాస్టర్ ప్లాన్ ప్రస్తావన వచ్చినా అది ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కిన ప్రతిసారీ కథను 1908 మూసీ వరదతోనే మొదలుపెడతారు. ఆ వరద సంగతి, నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించిన సంగతి హైదరాబాద్‌లో స్కూలు పిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఇక్కడ దాటేద్దాం. 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ప్రస్తుతానికి ఆ రెండు తేదీలు గుర్తుంటే చాలు.

ఇప్పటి గొడవ ఈ రెండు జలాశయాలనూ వాటి చుట్టూ ఉన్న నేలనూ ఇకముందు దేనికి వాడాలన్నది. పార్కులా, టౌన్‌షిప్పులా, గోదావరి నీళ్లు తెచ్చి నింపుకునే తొట్లా, లేక ఇప్పటిదాకా ఉన్నట్టే పొలాలూ ఖాళీ నేలలుగా వదిలేయడమా? దీనికి మూలం వరదలో ఉందని కొందరు, 1996లో వచ్చిన జీవోలో ఉందని కొందరు అంటారు. నాకు మాత్రం 1997 జులై 3న వచ్చిన ఇంకో జీవో దగ్గర కనిపిస్తుంది. దాని నంబరు 153. ఇవాళ రియల్ ఎస్టేట్ వాళ్లకు కూడా ఆ నంబరు గుర్తుండదు.

దానికి ముందు ఏముందో రెండు ముక్కల్లో. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1994 మార్చి 31న జీవో 192 వచ్చింది. దాన్ని ఇంకా గట్టిపరుస్తూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. దీని కిందికి 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు చేరాయి. పరిశ్రమలతో పాటు పెద్ద హోటళ్లూ, కాలుష్యం పుట్టించే నివాస కాలనీలూ వద్దన్నారు. 90 శాతం భూమిని పరిరక్షణ, వినోద అవసరాలకే ఉంచాలన్నారు. ఎక్కడైనా లేఅవుట్ వేస్తే అందులో 60 శాతం రోడ్లకూ ఖాళీ జాగాకూ పోవాలి. ఎఫ్‌ఎస్‌ఐ 1:0.5. అంటే వంద గజాల ప్లాటులో అన్ని అంతస్తులూ కలిపి యాభై గజాలకు మించి కట్టడానికి లేదు.

ఈ జీవో వచ్చిన పదహారు నెలలకే ప్రభుత్వం తానే దానికి కన్నం పెట్టింది. ఆముదం నూనె నుంచి రసాయనాలు తయారుచేసే ఒక కంపెనీ, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 1995లో పన్నెండెకరాలు కొనుక్కుంది. అప్పటికే పది కిలోమీటర్ల నిషేధం అమల్లో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. ఆ ఫ్యాక్టరీలో వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం వ్యర్థంగా మిగులుతుంది, అది వానతో పాటు నీళ్లలోకి దిగితే ఎలాగన్నది భయం. అయినా ఆ ఒక్క కంపెనీకి ఆంక్ష నుంచి మినహాయింపు ఇస్తూ జీవో 153 వచ్చింది. అప్పుడు కూడా మండలి అనుమతి నిరాకరించింది. ఒక ప్రభుత్వ విభాగం తన ప్రభుత్వమే ఇచ్చిన జీవోకు ఇలా అడ్డం నిలబడటం మనం రోజూ చూసేది కాదు. 1998 జనవరిలో అప్పిలేట్ అథారిటీ కంపెనీ వైపు తీర్పు చెప్పింది. అనుమతి ఇవ్వమని హైకోర్టు కూడా చెప్పింది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

పర్యావరణ చట్టం చదివేవాళ్లు ఇప్పటికీ చదివే ‘ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు’ కేసు అదే. తీర్పు రెండు విడతలుగా వచ్చింది, మొదటిది 1999 జనవరి 27న, రెండోది 2000 డిసెంబరు 1న. రెండింటినీ రాసింది జస్టిస్ ఎం. జగన్నాధరావు. ప్రమాదం ఖాయమని రుజువయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, అనుమానం ఉంటే ముందే ఆపవచ్చు, ప్రమాదం లేదని చూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాళ్లదే అని మొదటి విడతలోనే కోర్టు చెప్పేసింది. సాంకేతిక విషయాలు తేల్చడానికి నిపుణుల నివేదికలు తెప్పించుకుంది. చివరికి జీవో 153 చెల్లదంది. లక్షల మంది తాగే నీళ్లకు ముప్పు తెచ్చే మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదనీ, తాగునీరు జీవించే హక్కులో భాగమనీ రాసింది.

పెద్ద గెలుపే. జీవో 111కు కంచె దొరికినట్టయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఏ ప్రభుత్వమైనా దాన్ని ఎత్తేస్తామని మాట్లాడిందంటే, మర్నాడు ఎవరో ఒకరు ఈ తీర్పు కాపీ పట్టుకుని వచ్చేవారు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ కంచె మొత్తం ఒక్క గుంజ మీద నిలబడింది. ఆ గుంజ పేరు తాగునీరు. కోర్టు ముందున్న ప్రశ్నే తాగే నీళ్లు పాడవుతాయా అన్నది కాబట్టి జవాబు కూడా ఆ మేరకే వచ్చింది. ఈ జలాశయాలను మొదట వరద ఆపడానికి కట్టారన్న సంగతి వాదంలో వెనక్కి పోయింది. పర్యావరణం కోసం పోరాడినవాళ్లు కూడా ఆ రోజుల్లో తాగునీటి మాటనే గట్టిగా పట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, గెలిచే వాదన అదే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోడన్న సామెత ఉన్న ఊళ్లో దానికంటే బలమైన మాట ఇంకేం దొరుకుతుంది?

నగరం ఈలోగా వేరే నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మంజీరా నీళ్లు 1965 నుంచే ఉన్నాయి. 2004లో కృష్ణా నీళ్లు వచ్చాయి, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వచ్చాయి. ఈ కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసుకోవాల్సినవి. గండిపేట నీళ్లు వాలున వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరతాయి. కరెంటు బిల్లు లేని నీటిని పక్కన పెట్టి బిల్లున్న నీటికి అలవాటు పడ్డాం. జంట జలాశయాలకు వచ్చే ప్రవాహం తగ్గిన మాట కూడా నిజమే. ఎగువన చెక్‌డ్యాములు, బోర్లు, వాగుల మీద గోడలు పెరిగాయి. వాటిలో కొన్ని జీవో 111ను కాదని కట్టినవేనన్నది మొయినాబాద్ రోడ్డు మీద ఒకసారి వెళ్లొస్తే తెలిసిపోతుంది. ఫంక్షన్ హాళ్ల బోర్డులు లెక్కపెట్టడం మొదలుపెడితే చేవెళ్ల వచ్చేస్తుంది.

ఇక 2022 ఏప్రిల్ 12. ఆ తేదీతో వచ్చిన జీవో 69, జీవో 111లోని ఆంక్షలను తొలగించింది. చెప్పిన కారణం చూడండి. 1996లో నగరానికి సరఫరా అయ్యే 145 ఎంజీడీలో (ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు) ఈ జలాశయాల వాటా 27.59 శాతం. ఇప్పుడు సరఫరా 602 ఎంజీడీ, వీటి వాటా 1.25 శాతం కంటే తక్కువ. కాబట్టి ఇవి ఇక నగరానికి ప్రధాన తాగునీటి వనరులు కావు, ఆంక్షలు అక్కర్లేదు.

సుప్రీంకోర్టు కట్టిన కంచెను ఢీకొట్టకుండా, ఆ ఒక్క గుంజను మాత్రం పీకేశారు. లాయర్ల దృష్టితో చూస్తే మెచ్చుకోవాల్సిన పనే. లెక్కలోకి మాత్రం కాస్త దిగి చూడాలి. 145లో 27.59 శాతమంటే 40 ఎంజీడీ. ఈ నలభై అలాగే ఉన్నా 602లో అది ఏడు శాతం కూడా దాటదు. అంటే వాటా పడిపోవడంలో పెద్ద భాగం నగరం పెరగడం వల్ల వచ్చినదే. మిగతా భాగం మనం తోడుకోవడం తగ్గించినందువల్లా, ఎగువన నీళ్లు ఆగినందువల్లా వచ్చింది. గండిపేట 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్ 2.97 టీఎంసీలు పట్టేలా కట్టినవి. శాతం తగ్గిందని ఆ పాత్రలు చిన్నవైపోలేదు.

జీవో 69 ఒక షరతు కూడా పెట్టింది. జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదు. మార్గదర్శకాల కోసం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. 2023 మే 18న మంత్రివర్గం ఇంకో అడుగు వేసి, 84 గ్రామాలకూ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మామూలు నిబంధనలే వర్తిస్తాయంది. విషయం కోర్టుల దాకా పోయింది.

ఊళ్లవాళ్ల వాదన కూడా చెప్పాలి. 1996లో వాళ్లనెవరూ అడగలేదు. నగరం నీళ్ల కోసం తమ భూమికి తాళం వేశారు, దానికి పరిహారమూ ఇవ్వలేదు. గట్టుకు అవతల ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ తన ఖాళీ భూమిని వేలం వేస్తే ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. ఇవతల అదే నేల, అదే వాన, ధర మాత్రం అందులో చిన్న ముక్క. పోనీ నిబంధన అందరికీ ఒకటేనా అంటే, హిమాయత్ సాగర్‌ను ఆనుకుని ఔటర్ రింగ్ రోడ్డు వేసింది ప్రభుత్వమే. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముకుందామనుకున్న రైతుకు ఇది పక్షపాతంగా కనపడకుండా ఎలా ఉంటుంది? ఈ మాటలో న్యాయం ఉంది. ఆ భూముల్లో చాలావరకు ఈపాటికే చేతులు మారాయని ఆ ఊళ్లలో ఎవరిని కదిపినా చెబుతారు. ఆంక్ష ఎత్తేస్తే లాభం ఎవరి ఖాతాలో పడుతుందన్నది వేరే లెక్క. రైతుకు పరిహారం ఇచ్చి ఆంక్షను ఉంచడమన్న దారిని ఏ ప్రభుత్వమూ గట్టిగా పట్టుకోలేదు.

ప్రభుత్వం మారింది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చింది. ఆగస్టులో గండిపేట ఎఫ్‌టీఎల్ లోపల కట్టిన భవనాలను కూల్చింది. టీవీల్లో బుల్డోజర్లు చూసి, జలాశయానికి మంచిరోజులొచ్చాయని చాలామంది అనుకున్నారు. ఎఫ్‌టీఎల్ అంటే నిండినప్పుడు నీటి అంచు తాకే గీత. జీవో 111 కాపాడాలనుకున్నది ఆ గీత బయట పది కిలోమీటర్ల దాకా ఉన్న నేలను, అంటే వాన పడితే నీళ్లు నడిచొచ్చే దారిని. చర్చ మొత్తం ఎఫ్‌టీఎల్ దగ్గరికి కుదించుకుపోవడం వల్ల, గీత లోపల ఒక గది కడితే వార్త, గీతకు కిలోమీటరు బయట టౌన్‌షిప్ వేస్తే అభివృద్ధి అన్నట్టు తయారైంది. విశ్వేశ్వరయ్యకు ఈ తేడా బాగా తెలుసు. 1908లో ఏం జరిగిందో ఆరా తీసినప్పుడు ఆయన పైనున్న చెరువులను లెక్కపెట్టించాడు. పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. నగరంలోకి వచ్చిన నీళ్లకు కారణం నగరం బయట దొరికింది.

జలాశయాల మీద ప్రభుత్వాల ఆలోచనలు చూస్తే పార్కు, సరోవరం అన్న మాటలే ఎక్కువ. గండిపేట ఒడ్డున 2022లో ల్యాండ్‌స్కేప్ పార్కు తెరిచారు. హిమాయత్ సాగర్ దగ్గర కొత్వాల్‌గూడలో ఎకో పార్కు తలపెట్టారు. మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దగ్గర గాంధీ సరోవర్ అంటున్నారు. పార్కులకు నేనేం వ్యతిరేకం కాదు, నదికి రెండు వైపులా తోటలు పెట్టమని చెప్పినవాడు ఆ విశ్వేశ్వరయ్యే. 2025 సెప్టెంబరు 8న గోదావరి తాగునీటి పథకం రెండు, మూడు దశలకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఖర్చు 7,360 కోట్లు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చి, అందులో 2.5 టీఎంసీలు జంట జలాశయాలనూ మూసీనీ బతికించడానికి వాడతారు.

అదే నెల 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తారు. మూసీ పొంగి ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు. 1908 వరద తేదీ సెప్టెంబరు 28. సరిగ్గా రెండు రోజులు తేడా.

వరద ఆపే జలాశయం సెప్టెంబరులో కొంత ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీయే దాని బలం. బోటింగ్‌కూ ఫొటోలకూ పనికొచ్చే జలాశయం నిండుగా ఉండాలి. రెండింటి మధ్యా ఎక్కడ ఆపాలన్నది ఇంజనీర్లు తేల్చాల్సిన అంకె. పైన 84 ఊళ్లలో నేల కాంక్రీటు అయితే వాన నీళ్లు వేగంగా వచ్చిపడతాయి, అప్పుడు ఆ ఖాళీ ఇంకా ఎక్కువ కావాలి. గోదావరి పైపు పని మొదలైంది. 84 గ్రామాల్లో ఎక్కడ ఏం కట్టవచ్చన్న పేచీ ఇంకా నడుస్తోంది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, సెప్టెంబరులో గండిపేటను ఎన్ని అడుగులు ఖాళీగా ఉంచాలో జనం ముందు చెప్పమని ఇప్పటి గొడవలో ఉన్న రెండు పక్షాల్లో ఏదీ గట్టిగా అడగడం లేదు.