జానెడున్నర గుర్రం

హైదరాబాద్ ఎల్‌.బి. స్టేడియంలో సాధన చేసిన బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి దూకే పోటీలో, కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో మన దేశానికి అదే తొలి వ్యక్తిగత పతకం. ఆ వీడియో చూస్తే అందరి కళ్లూ ఆమె గాల్లో తిరగడం మీదే ఉంటాయి. ఈసారి ఆమె చేతులు ఆనిన బల్లను చూడండి.

ఆ బల్ల చోట ఒకప్పుడు గుర్రం ఉండేది. సైనికులు గుర్రమెక్కడం నేర్చుకున్న కొయ్యగుర్రానికి వారసురాలు. పొడవు 160 సెంటీమీటర్లు, వెడల్పు 35. మగవాళ్లు దాన్ని నిలువుగా, ఆడవాళ్లు అడ్డంగా పెట్టుకుని దూకేవారు. అంటే పరుగెత్తుకొచ్చే అమ్మాయి చేతులకు దొరికేది జానెడున్నర చోటే.

గుర్రాన్ని చూస్తూ దూకినన్నాళ్లూ అది సరిపోయింది. 1980ల మొదట్లో సోవియట్ జిమ్నాస్ట్ నతాలియా యుర్చెంకో కొత్త పద్ధతి తెచ్చింది. పైకి ఎగరేసే స్ప్రింగ్‌బోర్డుకు ముందే చేతుల మీద బండిచక్రంలా తిరగాలి. కాళ్లు బోర్డు మీద పడేసరికి వీపు గుర్రం వైపు ఉంటుంది. ఇక చేతులు వెనక్కి చాచి, చూడకుండానే ఆ కాస్త చోటును అందుకోవాలి. 1988లో టోక్యోలో అమెరికా అమ్మాయి జూలిస్సా గోమెజ్ కాలు బోర్డు మీద జారింది. తల గుర్రానికి కొట్టుకుని శరీరం చచ్చుబడింది. మూడేళ్లకు చనిపోయింది, 18 ఏళ్లకే. తర్వాత బోర్డు చుట్టూ యు ఆకారపు మ్యాట్ వచ్చింది గానీ గుర్రం మరో పదమూడేళ్లు కదల్లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల గుర్రాన్ని 125కి బదులు 120 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టారు. తేడా రెండంగుళాలు. రష్యా జిమ్నాస్ట్ స్వెత్లానా ఖోర్కినా లాంటి దిట్ట కూడా పడిపోయింది. చేతులు అనుకున్న క్షణానికి అనుకున్న చోట తగలకపోతే తోపు తగ్గుతుంది, పల్టీ లెక్క తప్పుతుంది. ఎత్తు తేడాను ఆస్ట్రేలియా జిమ్నాస్ట్ అలానా స్లేటర్ పసిగట్టింది. కొలిచి సరిచేసి, కావాలంటే మళ్లీ దూకమన్నారు. ఖోర్కినా ఆలోపే తర్వాతి అంశమైన బార్స్ (కడ్డీలు) మీదా పడిపోయింది.

2001లో బల్ల వచ్చింది. పొడవు 120, వెడల్పు 95 సెంటీమీటర్లు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే. మగవాళ్లకు ఎత్తు మాత్రం 135. చెయ్యి కాస్త పక్కకు పడ్డా కింద ఆధారం ఉంటుంది. ముందు అంచు నాలుకలా కిందికి వంగి, మెత్తగా ఉంటుంది. ఎవరైనా పొరపాటున వచ్చి ఢీకొన్నా తగిలేది నిటారు గోడ కాదు, ఆ వంపు.