గీతలన్నీ ఉన్నా నెట్ రాదెందుకు?

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా ఇదేం టెన్షన్ అని విసుక్కుంటాం. ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య రేడియో తరంగాల సంగతే. రూటర్ అవతల ఏమవుతోందో వాటికి తెలియదు. బయటి నుంచి వచ్చే తీగ తెగిపోయినా అవి అలాగే వెలుగుతుంటాయి.

అందుకే ముందుగా తేడా రూటర్‌కి ఇవతలుందో అవతలుందో తేల్చుకోవాలి. మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొట్టండి. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1, రూటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లాగిన్ పేజీ తెరుచుకుందంటే ఇంట్లో దారి బాగున్నట్టే, గొడవ అవతల ఉంది. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం చూడండి. అది ఎర్రగా ఉంటే తీగలోంచి కాంతి రావడం లేదని అర్థం. ముందు తీగ మడత పడిందేమో, ఊడిందేమో చూడండి. అదీ కాకపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చేయడమే.

దీపాలన్నీ సరిగ్గానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ని అనుమానించాలి. మనం కొట్టే పేరుని అంకెల అడ్రస్‌గా మార్చి చెప్పేది అదే. కంప్యూటర్ నుంచి 8.8.8.8 అనే గూగుల్ సర్వర్ అడ్రస్‌కి పింగ్ కొడితే, అంటే ‘ఉన్నావా’ అని చిన్న పలకరింపు పంపితే, జవాబు వస్తూ, సైటు పేరుకి కొడితే మాత్రం రాకపోతే దొంగ దొరికినట్టే. సెట్టింగుల్లో వేరే డీఎన్ఎస్ ఇచ్చి చూడొచ్చు.

ఇక అందరికీ తెలిసిన మందు, ఆపేసి మళ్లీ వేయడం. అది పనిచేయడానికి కారణం ఉంది. ఇంట్లో ఎన్ని పరికరాలున్నా మామూలుగా బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్తాయి. ఏ జవాబు ఎవరికివ్వాలో రూటర్ తన మెమరీలో పద్దు రాసుకుంటుంది. ఆ పద్దు నిండిపోయినా, లోపలి సాఫ్ట్‌వేర్ ఎక్కడో చిక్కుకున్నా కొత్తవాళ్లకి చోటు దొరకదు. కరెంటు తీస్తే అంతా చెరిగిపోతుంది. లోపలి కెపాసిటర్లలో కాస్త విద్యుత్తు మిగిలి ఉంటుంది కనుక అర నిమిషం ఆగి వేయడం మంచిది. వెనకున్న చిన్న రంధ్రంలో మాత్రం పిన్ను గుచ్చకండి! అది రీస్టార్ట్ కాదు, రీసెట్. పెట్టుకున్న పాస్‌వర్డ్, కనెక్షన్ వివరాలు అన్నీ పోతాయి.

గీతలు దాచే రహస్యం ఇంకొకటుంది: రద్దీ. వైఫై పరికరం మాట్లాడే ముందు తన ఛానెల్లో, అంటే తాను వాడే రేడియో దారిలో, ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది, ఉంటే ఆగుతుంది. వైఫై వాడే రేడియో పట్టీల్లో (బ్యాండ్లలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోదగ్గ ఛానెళ్లు 1, 6, 11, అంటే మూడే. చుట్టుపక్కల రూటర్లన్నీ ఒకే ఛానెల్లో ఉంటే అందరూ క్యూలో నిలబడాల్సిందే. పైగా మైక్రోవేవ్ ఒవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. వంట వేడెక్కేటప్పుడే నెట్ నత్తనడక నడుస్తుంటే దాన్ని ఆపి చూడండి. ఇంకో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. కానీ గోడలు దాటేసరికి ఆ తరంగం త్వరగా నీరసిస్తుంది. అందానికని రూటర్‌ని ఇనప బీరువాలో దాచేవాళ్లున్నారు, వాళ్లకి ఏ బ్యాండూ సాయం చేయలేదు.