చేతిలో పట్టుకునే పెద్ద ఫిల్మ్ కెమెరా కొంటున్నారా, అమ్ముతున్నారా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మాది నాన్నగారి కాలం నుంచీ ఉన్న స్టూడియో. ఇప్పుడు ఫోటోలు తీయించుకునేవాళ్లకంటే పాత కెమెరాలు పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. వానాకాలంలో ఆమదాలవలస నుంచి ఒక కుర్రాడు గుడ్డసంచిలో క్రౌన్ గ్రాఫిక్ అనే పాత అమెరికన్ ఫిల్మ్ కెమెరా తెచ్చాడు, తాతగారిదట. బల్ల మీద పెడుతూనే "ఎంతొస్తాది గురువుగారూ, లక్ష దాటతాదా?" అన్నాడు. ఎంతొస్తుందో చెప్పాలంటే చీకటి పడేదాకా ఆగాలి నాన్నా అన్నాను. ఎందుకు ఆగమన్నానో కింద చెప్తాను. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ నమ్మే కొన్ని మాటలు ఇద్దరికీ నష్టమే చేస్తున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంత పాతది కాబట్టి అరుదైనది, రేటు ఎక్కువ.

కాదు. క్రౌన్‌కి అన్నలాంటిది, అదే గ్రాఫ్లెక్స్ కంపెనీ తీసుకొచ్చిన స్పీడ్ గ్రాఫిక్, 1912లో మొదలై 1973 దాకా తయారైంది. అమెరికాలో పత్రికల ఫోటోగ్రాఫర్ల చేతిలో దశాబ్దాలపాటు ఉన్నది ఇదే. 1945 ఫిబ్రవరి 23న రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఇవో జిమాలో అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతుండగా జో రోసెంతాల్ తీసిన ఆ ప్రసిద్ధ ఫోటో కూడా దీంతోనే. అన్నేళ్లు అంతమంది వాడిన కెమెరా ఇప్పటికీ చాలానే దొరుకుతుంది. రేటు వయసుని బట్టి రాదు, ఈరోజు లోపల ఫిల్మ్ పెడితే సరైన నెగెటివ్ వస్తుందా రాదా అన్నదాన్ని బట్టి వస్తుంది.

"రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన క్రౌన్ గ్రాఫిక్" అని ఎవరైనా చెబితే అక్కడే ఆగండి. క్రౌన్ గ్రాఫిక్ వచ్చిందే 1947లో. కొడాక్ ఎక్టార్ లెన్సయితే ఏ సంవత్సరానిదో లెన్సే చెబుతుంది. సీరియల్ నంబరు ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. 'కామెరోసిటీ' (CAMEROSITY) అనే మాటలోని పది అక్షరాలకు వరసగా 1 నుంచి 9, ఆఖరిదానికి 0 అని లెక్క. ఈ, ఓ అని ఉంటే 46, అంటే 1946. ఆర్, ఏ అని ఉంటే 1952. లెన్సు తర్వాత మార్చి ఉండొచ్చు కాబట్టి కెమెరా బాడీ వయసు మాత్రం దీన్నిబట్టి తేల్చకండి.

అపోహ: బెల్లోస్‌కి (లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య మడతలు మడతలుగా సాగే తోలు గొట్టానికి) కన్నాలున్నాయో లేదో పైకి చూస్తే తెలిసిపోతుంది.

తెలియదు. చీకటి పడాలి అన్నది ఇందుకే. ఆ రాత్రి స్టూడియోలో లైట్లన్నీ తీసేసి, బెల్లోస్ పూర్తిగా సాగదీసి, వెనక నుంచి లోపలికి సన్నటి టార్చి పెట్టి, వెనక భాగం నల్లగుడ్డతో కప్పి చుట్టూ చూశాం. పగలు నల్లగా నిగనిగలాడిన బెల్లోస్ మీద మడతల మూలల్లో ఆవగింజంత వెలుగు చుక్కలు, ఒకటి కాదు ఏడు. కుర్రాడి మొహం చిన్నబోయింది. చుక్కలు మూలల్లోనే ఎక్కువ వస్తాయి, ఎందుకంటే మడత రాపిడి పడేది అక్కడే. ఏడు చుక్కలంటే నల్లటి ఫ్లెక్సిబుల్ రంగు లోపలివైపు పూసి కొంతకాలం నడపొచ్చు. తోలు గుడ్డలా చిరుగుతుంటే మాత్రం మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. పైన టేపు అంటించి అమ్మేవాళ్లున్నారు. మడుస్తుంటే ఆ టేపు లేచిపోతుంది, జిగురు మాత్రం మిగులుతుంది.

అపోహ: టిక్‌మని శబ్దం వస్తే షట్టర్ బాగున్నట్టే.

1/200 సెకను దగ్గర దాదాపు అన్నీ టిక్‌మంటాయి. ఒక సెకను దగ్గర పెట్టి నొక్కండి. లోపలి గేర్లు చివరిదాకా ఒకే లయలో తిరగాలి, మధ్యలో నసిగినా ఆగినా సర్వీసు కావాలని అర్థం. ఫోన్‌లో ఆ శబ్దం రికార్డు చేసి, తెరుచుకున్న శబ్దానికీ మూసుకున్న శబ్దానికీ మధ్య ఎంతుందో చూస్తే నిదానమైన స్పీడుల లెక్క తేలిపోతుంది. నూనె చుక్క మాత్రం వేయకండి, అది బ్లేడ్ల మీదకు పాకి అతుక్కునేలా చేస్తుంది. స్లో స్పీడులు దెబ్బతిన్నాయని మొత్తం కెమెరాని పక్కన పెట్టేయక్కర్లేదు, ఎండలో చేత్తో పట్టుకుని తీసేవాళ్లకు అవి పెద్దగా వాడుకే రావు.

ఇంకోటి. స్పీడ్ గ్రాఫిక్‌లో వెనక కూడా గుడ్డ తెర షట్టర్ ఉంటుంది, 1/1000 దాకా పోతుంది. ఆ తెర మూసి ఉంటే వెనక బొమ్మ పడే గరుకు అద్దం (గ్రౌండ్ గ్లాసు) మీద ఏమీ కనిపించదు, కెమెరా పాడైపోయిందనుకుని కొందరు చవగ్గా ఇచ్చేస్తారు. తెర పైకి చుట్టి చూశాకే మాట్లాడండి. క్రౌన్‌కి ఆ తెర లేదు, అందుకే కాస్త తేలిక.

అపోహ: పైన రేంజ్‌ఫైండర్ (రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ కుదుర్చుకునే కిటికీ) ఉంది కదా, ఫోకస్ అదే చూసుకుంటుంది.

ఇక్కడ నేను చాలా పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. నా మొదటి క్రౌన్ ఫోన్‌లో మాట్లాడి కొన్నాను. "ఏ లెన్సయినా ఒకటే అండి" అన్నాడు అమ్మినాయన. మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర తప్పెటగుళ్ల బృందాన్ని తీశాను, పన్నెండు షీట్లు. గుండె మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు, గాల్లోకి లేచిన మనిషి, రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలూ ఒకటయ్యాకే నొక్కాను. రాత్రి కడిగి చూస్తే పన్నెండింటిలోనూ మనిషి మెత్తగా ఉన్నాడు, వెనక కొట్టు బోర్డు అక్షరాలు పదునుగా ఉన్నాయి. ఆ ఏడు పండగ మళ్లీ రాదు కదా, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జరిగిందేమిటంటే, 1955 నుంచి వచ్చిన పై రేంజ్‌ఫైండర్ మోడళ్లలో లోపల క్యామ్ అనే చిన్న లోహపు ముక్క ఉంటుంది, ఒక్కో ఫోకల్ లెంగ్త్‌కి ఒక్కోటి. నా కెమెరాలో 127 మి.మీ. క్యామ్ ఉంది, ముందున్నది 150 మి.మీ. లెన్సు. దూరంగా చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. మూడు మీటర్ల దగ్గర మాత్రం, రేంజ్‌ఫైండర్ మూడు అంటుంటే లెన్సు నాలుగు మీటర్లు దాటి ఫోకస్ అవుతోంది. అందుకే కొనేముందు రెండు మీటర్ల దూరంలో గోడకు క్యాలెండర్ తగిలించి, రేంజ్‌ఫైండర్‌తో ఫోకస్ చేసి, వెనక గ్రౌండ్ గ్లాసు మీద భూతద్దం పెట్టి అంకెలు చూడండి. తర్వాత దూరంగా ఉన్న టవర్‌తో మళ్లీ చూడండి.

గ్రౌండ్ గ్లాసు కూడా అబద్ధం చెప్పగలదు. కొన్నిటికి ముందు గీతల ప్లాస్టిక్ ఫ్రెనెల్ పలక ఉంటుంది. అది పగిలిందని ఎవరో తీసేసి ఉంటే అద్దం ఉండాల్సిన చోటు మారిపోతుంది. అప్పుడు అద్దం మీద పదునుగా ఉన్నది ఫిల్మ్ మీద ఉండదు. ఒక్క షీటు తీసి కడిగి చూపించమని అడగడం తప్పు కాదు.

అపోహ: చూడ్డానికి గ్రాఫిక్‌లా ఉంటే 4×5 అంగుళాల ఫిల్మ్‌ది అన్నట్టే.

స్కేలు పెట్టి కొలవండి. ఇదే ఆకారంలో 3¼×4¼, 2¼×3¼ అంగుళాల సైజులు కూడా వచ్చాయి, ఒక్కదాన్నే ఫోటోలో చూస్తే తేడా తెలియదు. 4×5కి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్, ఫోమాపాన్ ఫిల్ములు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. 3¼×4¼కి ఫిల్మ్ వెతుక్కోవడమే పెద్ద పని.

అపోహ: స్టాండు లేకుండా ఇంత పెద్ద కెమెరాతో తీయలేం.

బరువు రెండున్నర కిలోల దగ్గర. 400 స్పీడు ఫిల్మ్‌తో మన ఎండలో 1/400 సెకను, ఎఫ్/16 (లెన్సు రంధ్రం సైజు) వస్తుంది, మబ్బు పట్టినా 1/200, ఎఫ్/8 దొరుకుతుంది. పక్కనున్న తోలుపట్టీలో ఎడమ చెయ్యి దూర్చి, మోచెయ్యి పొట్టకు ఆనిస్తే చాలు.

అపోహ: తోలు కేసులో గట్టిగా మూసి పెడితే భద్రం, లేదా బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుంది.

మన సముద్రపు గాలికి ఈ రెండూ చేటే. తోలు తేమ పట్టి ఉంచుతుంది, అందులోనే లెన్సుకు ఫంగస్ వస్తుంది. బియ్యం పిండి దుమ్ము సందుల్లోకి పోతుంది, పురుగు కూడా చేరుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, అది రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవడం, ఇంతే. కొనేటప్పుడు లెన్సు ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. నాలుగు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు.

అమ్మేవాళ్లకు ఒక మాట. రంగు వేయకండి, పాలిష్ కొట్టకండి, దేన్నో దాస్తున్నారని కొనేవాడికి అనుమానం వస్తుంది. లోపాలన్నీ ఫోటోతో సహా ముందే చెప్పండి. డబ్బులు పంపిస్తాను, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే ఫోన్ పెట్టేయండి, యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఆమదాలవలస కుర్రాడు అలాగే చేశాడు. ఏడు చుక్కలూ ఫోటో తీసి పెట్టాడు, సెకను స్పీడు నిదానంగా ఉందని రాశాడు. లక్ష రాలేదు. అనుకున్నదానికంటే చాలా తక్కువకే పోయింది, కానీ కొన్నాయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లెన్సు బోర్డు (లెన్సు బిగించిన పలక) విడిగా తీసి మెత్తటి గుడ్డలో చుట్టి, బెల్లోస్ లోపలికి మడిచి ముందు తలుపు మూసి, రెండు అట్టపెట్టెల మధ్య థర్మాకోల్ కూరి పంపించాం. పైన ఒక కవరులో వాళ్ల తాతగారింటి అరుగు మీద నానమ్మ కూర్చున్న నెగెటివ్ పెట్టాడు, ఆ కెమెరాతో ఆఖరిగా తీసింది. ప్రింటు మాత్రం తను ఉంచుకున్నాడు.