ఏరియేటర్ ఆపే మీట: అపోహలు, వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లను (నీటిలో గాలి కలిపే మోటార్లను) ఫోన్ నుంచి నడిపే యాప్‌లకు తెరలు రూపొందించడం నా పని. ఈ పనిలో తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ‘ఆపమంటారా?’ అని ఒకసారి అడిగితే పొరపాటు జరగదు.

వాస్తవం: రోజూ అదే ప్రశ్న అదే చోట కనబడితే, చదవకుండానే వేలు ‘అవును’ మీద పడుతుంది. నేను మొదట చేసిన తెరలో మూడో చెరువు, నాలుగో చెరువు మీటలు ఒకదాని కింద ఒకటి, ఒకే ఎరుపులో ఉండేవి. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) బాగా పడిపోయే తెల్లవారుజామున ఒక రైతు ఒకటి ఆపబోయి మరొకటి ఆపారు. మోటారు చప్పుడు ఆగిందని కాపలా మనిషి గమనించబట్టి రొయ్యలు దక్కాయి. ఆ తర్వాత అంకెలు తీసేసి, ‘కాలవగట్టు చెరువు’ వంటి రైతు పిలుచుకునే పేర్లే పెట్టాను. ఆగిన మోటారు పది నిమిషాలకు దానంతటదే తిరిగేలా చేద్దామనుకుంటే, మరమ్మతుకు నీళ్ళలో దిగిన మనిషి గతేమిటని ఎలక్ట్రీషియన్ అడిగారు. నాకు తట్టని మాట అది. అందుకే ఇప్పుడు మోటారు దానంతటదే తిరగదు, యజమాని ఫోన్ మాత్రం ఆయన చూసేదాకా మోగుతూనే ఉంటుంది.

అపోహ: శిక్షణ పొందినవారు తప్పు చేయరు.

వాస్తవం: 2018 జనవరి 13న హవాయిలో, అభ్యాసంగా జరిపిన కసరత్తును నిజమైన దాడి అని నమ్మిన ఉద్యోగి క్షిపణి హెచ్చరికను జనం ఫోన్లకు పంపారు. రెండో మనిషి ఆమోదం అక్కరలేకపోయింది. దిద్దుబాటు సందేశం సిద్ధంగా లేకపోవడంతో అది వెళ్ళేసరికి 38 నిమిషాలైంది.

అపోహ: కావాలని చేసే మోసానికి పోలీసులే దిక్కు, తెర ఏం చేస్తుంది?

వాస్తవం: కొబ్బరికాయలకు బయానా పంపుతున్నామని నమ్మించి, నిజానికి డబ్బు లాగే కలెక్ట్ అభ్యర్థన పంపి, ‘అందుకోవడానికి’ పిన్ కొట్టమనే మోసం ఆ తెర ఇచ్చిన అవకాశమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. వ్యక్తుల మధ్య కలెక్ట్ అభ్యర్థనలను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి నిలిపివేసింది. ఎన్ని హెచ్చరికలు రాసినా ఇంత పని జరిగేది కాదని నా అభిప్రాయం. మా యాప్‌లోనూ గట్టు మీద అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండేది, పని మానేసిన మనిషి కూడా మోటారు ఆపగలిగేవాడు. ఇప్పుడు ఎవరి ప్రవేశం వారిదే, మానేసిన రోజే అది రద్దవుతుంది.

అపోహ: అడ్డంకులు ఎంత పెంచితే అంత భద్రం.

వాస్తవం: గాలి అందడం ఆలస్యమైతే రొయ్యలు దక్కవు కనుక, అన్నిచోట్లా అడ్డంకి పనికిరాదు. మా యాప్‌లో ఆపడానికి మీటను మూడు సెకన్లు నొక్కిపట్టాలి. ఏరియేటర్ వేయడానికి మాత్రం ఒక్కసారి తాకితే చాలు, ఏ ప్రశ్నా ఉండదు.